ఉన్మాదనివారక ఔషధముల పరీక్ష: మెదడు చిత్రణము, ప్రొలాక్టిన్

ఊళ్లలో నరాల మాత్రలని పిలువబడు ఉన్మాదనివారక ఔషధములు మెదడులో ఎచ్చట, ఎంతమేర పనిచేయుచున్నవో చిత్రములచేతను, రక్తమందలి హార్మోనుచేతను కనిపెట్టు పద్ధతులు 1970ల నుండియే ఒకటొకటిగా వచ్చినవి. ఔషధములు అంతకు చాలముందే వచ్చినవి. సర్పగంధ వేరు ఉన్మాదమును శమింపజేయునని 1931లో గణనాథ సేన్, కార్తీక చంద్ర బోసు ప్రకటించిరి. 1952లో పారిస్ నగరమున డిలే, డెనికర్ అను వైద్యులు క్లోర్‌ప్రొమజీన్‌ను రోగులకిచ్చి గుణము చూచిరి. గుణము కనబడెనే కాని, మందు దేనిని తాకుచున్నదో తెలియలేదు. 1963లో స్వీడన్ శాస్త్రజ్ఞులు కార్ల్‌సన్, లిండ్‌క్విస్ట్ చిట్టెలుకలపై జరిపిన ప్రయోగములు మెదడులోని డోపమీన్ అను రసాయనము వైపు దారి చూపగా, 1975-76లలో సీమన్, స్నైడర్ బృందములు ఈ మందుల బలము డోపమీన్ గ్రాహకములను పట్టుకొను శక్తినిబట్టి యుండునని నిరూపించినవి.

పిట్యూటరీ గ్రంథినుండి ప్రొలాక్టిన్ అను హార్మోను అతిగా వెలువడకుండ డోపమీన్ అదుపుచేయుచుండును. మందు ఆ అదుపును సడలించినచో ప్రొలాక్టిన్ పెరుగును. 1971 ప్రాంతమున హెన్రీ ఫ్రీసెన్ మున్నగువారు మానవ ప్రొలాక్టిన్‌ను వేరుపరచి కొలుచు మార్గము చూపగానే వైద్యులకు ఒక సాక్ష్యము దొరికినది. కాని పిట్యూటరీ, మెదడుకును రక్తమునకును నడుమనున్న కంచెకు వెలుపలిది గనుక, రిస్పెరిడోన్ వంటి మందు అచ్చట మిక్కుటముగా పనిచేయును. క్లోజపీన్ అను మందు గుణమిచ్చియు ప్రొలాక్టిన్‌ను అంతగా పెంచదు. కావున ప్రొలాక్టిన్ ఒక్కటే మెదడులోని సంగతిని పూర్తిగా చెప్పజాలదు.

మెదడును నేరుగా చూచుట 1983లో సాధ్యమైనది. అమెరికాలో హెన్రీ వాగ్నర్ తన మెదడునే పరీక్షకొప్పగించి, డోపమీన్ గ్రాహకములను పెట్ స్కానునందు చూపించెను. 1988లో స్వీడన్‌లో ఫార్డె బృందము, వాడుక మోతాదులలో ఈ మందులు 65 నుండి 85 శాతము గ్రాహకములను ఆక్రమించుచున్నవని తేల్చెను. 2000లో టొరొంటోలో షితిజ్ కపూర్ బృందము హాలోపెరిడాల్ అను మందుపై వెలువరించిన లెక్క ఈ చరిత్రకంతటికి గుండెకాయ వంటిది: ఆక్రమణ 65 శాతము దాటిన గుణము, 72 దాటిన ప్రొలాక్టిన్ పెరుగుదల, 78 దాటిన కాళ్లుచేతులు బిగిసి వణకుట కానవచ్చినవి. ఆ రోగులలో పలువురికి దినమునకు రెండున్నర మిల్లీగ్రాములలోపే చాలినది. అంతకు ఎన్నో రెట్లు మ్రింగి, చెక్కబొమ్మలవలె నడచిన వెనుకటి రోగులను తలచుకొన్న మనసు కలుక్కుమనును.

ఈ చిత్రణమునకు వలయు రేడియోధార్మిక కార్బన్-11 ఇరువది నిమిషములకు సగమగును. సింగరాయకొండలో బండికెత్తినచో ఒంగోలు చేరునంతలోనే సగమునకు మించి నశించును. కావున అది స్కాను ప్రక్కనే తయారుకావలెను. ప్రొలాక్టిన్ కొలుచుటకు తీసిన రక్తపు సీసా యట్లుకాదు, మంచుపెట్టెలో నగరపు ల్యాబునకు చేరగలదు. ప్రొలాక్టిన్ పెరుగుటచే ముట్లు ఆగినవనియో, కాన్పు లేకయే పాలు వచ్చుచున్నవనియో చెప్ప సిగ్గుపడి మాత్రలే మానివేయు స్త్రీలు కలరు. వైద్యుడు తానుగా అడిగి ఈ రక్తపరీక్ష చేయింపవలెను. నిద్రయు, సూది భయమును ప్రొలాక్టిన్‌ను పెంచును గనుక, మేల్కాంచిన కొన్ని గంటలకు, రోగి స్థిమితపడిన పిమ్మట రక్తము తీయుదురు.