మోకాలి గుజ్జును చూసిన కథ

చరిత్ర వ్యాసం అంటే రాజుల గురించో, స్వాతంత్ర్య పోరాటం గురించో రాస్తాం. నేను ఈసారి మోకాలి గురించి రాస్తున్నాను. మోకాలికి కూడా చరిత్ర ఉంది. దాన్ని 1743లో లండన్ నుంచి మొదలుపెడతాను.

ఆ సంవత్సరం విలియం హంటర్ అనే స్కాట్లండ్ వైద్యుడు రాయల్ సొసైటీకి ఒక వ్యాసం ఇచ్చాడు. అప్పుడు అతనికి పాతికేళ్ళు. శవాల కీళ్ళు కోసి, ఎముక చివరల మీద ఉండే నున్నటి పొరను పరీక్షించి రాసిన వ్యాసం అది. ఆ పొరలోని పోగులు ఎముక మీద నిలువుగా, మఖమల్ గుడ్డ నూగులాగా లేచి ఉంటాయని రాశాడు. ఆ పొర ఒకసారి చెడిపోతే మళ్ళీ బాగుపడదని కూడా రాశాడు. ఈ రెండో మాటను డాక్టర్లు నేటికీ తలుచుకుంటారు. కానీ హంటర్ చూసింది చనిపోయినవాళ్ళ కీళ్ళను. బతికున్న మనిషి మోకాల్లో ఆ పొర ఎలా ఉందో కోయకుండా చూడటానికి ఇంకో రెండు వందల ఏళ్ళకు పైనే పట్టింది.

ఆ పొరనే మా హోసూరు పక్క పెద్దవాళ్ళు గుజ్జు అంటారు. "గుజ్జు అరిగిపోయింది" అనే మాట వినని ఇల్లు లేదు. సైన్స్ పుస్తకంలో దాని పేరు మృదులాస్థి. గుజ్జు అనగానే మామిడిపండు గుజ్జులాగా మెత్తగా ఉంటుందనుకుంటాం కదా, అలా కాదు. తెల్లగా, నున్నగా, గట్టిగా ఎముకకు అంటుకొని ఉంటుంది. మోకాల్లో దాని మందం చాలాచోట్ల రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు. అందులో రక్తనాళాలు లేవు, అందుకే గాయం మానదు. నరాలు కూడా లేవు, అంటే దానికదే నొప్పి పుట్టించలేదు. దాని బరువులో 65 నుంచి 80 శాతం నీళ్ళే. మిగిలింది కొల్లాజెన్ అనే పోగులు, నీళ్ళను పట్టి ఉంచే ప్రోటియోగ్లైకాన్లు, కొన్ని కణాలు. ఈ నీళ్ళ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు కథంతా దానిమీదే నడుస్తుంది.

1895 నవంబరులో జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్‌రే కనిపెట్టాడు. భార్య చేతి ఎముకలు, వేలికున్న ఉంగరం ఫిలిం మీద పడ్డ బొమ్మ మనందరికీ తెలిసిందే. ఎముకలో కాల్షియం ఉంది కాబట్టి కిరణాలను ఆపుతుంది. మృదులాస్థి ఆపదు. అందుకని మోకాలి ఎక్స్‌రేలో పై ఎముకకూ కింది ఎముకకూ మధ్య ఒక నల్లటి సందు మాత్రమే కనిపిస్తుంది. గుజ్జు ఉండేది ఆ సందులోనే. డాక్టర్లు గుజ్జును చూడలేదు, అది ఉండే చోటు ఎంత ఇరుకయిందో చూసి లెక్క వేశారు. గోడకూ బీరువాకూ మధ్య సందు కొలిచి, లోపల దోపిన పరుపు మందం చెప్పినట్టు!

1957లో ఇంగ్లండులో కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు ఈ లెక్కకు ఒక పద్ధతి పెట్టారు. సందు ఎంత తగ్గింది, ఎముక అంచున ముల్లులాగా ఎంత పెరిగింది అని చూసి సున్నా నుంచి నాలుగు దాకా గ్రేడు ఇస్తారు. మా అవ్వ ఎక్స్‌రే కాగితం మీద "కె.ఎల్. గ్రేడ్ 3" అని ఉంటే అదేదో మందు పేరనుకున్నారు మా ఇంట్లో. ఆ ఇద్దరి పేర్లలో మొదటి అక్షరాలు అవి. అవ్వను నిలబెట్టి ఎందుకు ఫోటో తీశారో కూడా చరిత్రలోనే దొరికింది. పడుకుంటే ఎముకల మీద బరువు పడదు, అరిగిన చోట కూడా సందు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. 1968లో స్వీడన్‌కు చెందిన ఆల్‌బాక్ ఈ తేడాను వివరంగా చూపించాడు.

అయినా సందును పూర్తిగా నమ్మడానికి లేదు. ఎముకల మధ్య మెనిస్కస్ అని నెలవంక ఆకారంలో ఇంకో మెత్త ఉంటుంది. అది పక్కకు జరిగినా సందు తగ్గుతుంది.

లోపలికి గొట్టం దూర్చి చూడటం ఇంకో దారి. 1918లో టోక్యోలో తకాగి అనే డాక్టర్, మూత్రాశయం చూడటానికి వాడే గొట్టంతో ఒక శవం మోకాల్లోకి చూశాడు. ఆ దారి తరవాత బాగా పెరిగింది. కానీ దానికి మోకాలికి రంధ్రం పెట్టాలి. ఏడాదికోసారి అరుగుదల కొలవడానికి ఎవరు పెట్టించుకుంటారు?

అసలు దారి ఆస్పత్రి నుంచి రాలేదు, భౌతికశాస్త్రం నుంచి వచ్చింది. నీటిలోని హైడ్రోజన్ కేంద్రకం చిన్న అయస్కాంతంలాంటిది. దాన్ని పెద్ద అయస్కాంతంలో పెడితే బొంగరంలాగా ఒక లెక్క ప్రకారం ఊగుతుంది. సరిగ్గా ఆ లెక్కకు సరిపోయే రేడియో తరంగం పంపితే దాన్ని తీసుకుంటుంది, తరంగం ఆపగానే తిరిగి సంకేతం ఇస్తుంది. 1946లో అమెరికాలో బ్లాక్ ఒకచోట, పర్సెల్ ఇంకోచోట దీన్ని చూపించారు. 1952లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. అప్పట్లో వాళ్ళ మనసులో మోకాలూ లేదు, రోగీ లేడు.

1971లో డమాడియన్ అనే డాక్టర్ ఎలుకల గడ్డల నుంచి వచ్చే సంకేతం మామూలు కండ సంకేతంలా ఉండదని రాశాడు. అదే ఏడాది రసాయన శాస్త్రజ్ఞుడు లాటర్‌బర్‌కు ఒక ఆలోచన తట్టింది. అయస్కాంత బలం అన్ని చోట్లా ఒకేలా ఉంటే సంకేతం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. కావాలనే ఒక పక్క ఎక్కువ, ఇంకో పక్క తక్కువ పెడితే? అప్పుడు ఒక్కో చోట బొంగరం ఒక్కో వేగంతో ఊగుతుంది, ఆ వేగాన్ని బట్టి చోటు చెప్పొచ్చు. దీన్ని నిరూపించడానికి రెండు సన్నటి గాజు గొట్టాల్లో మామూలు నీళ్ళు పోసి, వాటి చుట్టూ భారజలం నింపాడు. భారజలం వేరే లెక్కలో పలుకుతుంది కాబట్టి కనబడదు. బొమ్మలో రెండు గుండ్రటి మచ్చలు వచ్చాయి, అంతే. నేచర్ పత్రిక మొదట ఆ వ్యాసాన్ని వెనక్కి పంపిందంట. 1973లో వేసుకుంది. ఇంగ్లండులో మాన్స్‌ఫీల్డ్ దాని గణితాన్ని ముందుకు తీసుకెళ్ళాడు. 2003లో లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డ్ ఇద్దరికే నోబెల్ ఇచ్చారు. డమాడియన్ తనకు అన్యాయం జరిగిందని పత్రికల్లో పెద్ద పెద్ద ప్రకటనలు వేయించాడు. ఎవరిది న్యాయమో పెద్దవాళ్ళే ఇంకా తేల్చలేదు, నేను తేల్చను. నాకు మాత్రం ఆ రెండు నీళ్ళ గొట్టాలే ఎంతో ఇష్టం.

నీళ్ళను చూసే యంత్రం వచ్చిందంటే, మూడొంతుల దాకా నీళ్ళే ఉన్న గుజ్జు దొరికినట్టే కదా! కానీ వెంటనే కుదరలేదు. మొదట్లో ఒక్కో బొమ్మ ముక్క మందం గుజ్జు మందం కంటే ఎక్కువగా ఉండేది. 1980ల్లో మోకాలికి ఎం.ఆర్.ఐ. తీసింది ఎక్కువగా మెనిస్కస్, లిగమెంట్ల కోసం. అయస్కాంతాలు బలపడ్డాక గుజ్జు వంతు వచ్చింది. అమెరికాలో ఆస్టియో ఆర్థరైటిస్ ఇనీషియేటివ్ అనే పెద్ద పని 2004లో మొదలైంది. 45 నుంచి 79 ఏళ్ళ మధ్య ఉన్న 4,796 మందిని చేర్చుకొని, ఏళ్ళ తరబడి మోకాళ్ళకు ఎం.ఆర్.ఐ. తీశారు. యంత్రం 3 టెస్లాలది, అంటే భూమి అయస్కాంత బలానికి సుమారు 60,000 రెట్లు. బొమ్మ ముక్క మందం 0.7 మిల్లీమీటర్లు. ఆ బొమ్మలను పరిశోధకులు ఉచితంగా వాడుకోవచ్చు.

మందం తగ్గకముందే లోపలి మార్పు పట్టుకోవాలని కొందరు చూశారు. బోస్టన్‌లో మార్తా గ్రే, డెబోరా బర్‌స్టీన్ బృందం గాడోలినియం మందు ఇంజెక్షన్ ఇచ్చి, కాసేపు నడిపించి, గంటన్నర ఆగి బొమ్మ తీసే పద్ధతి తెచ్చింది. ప్రోటియోగ్లైకాన్లు తగ్గిన చోట మందు ఎక్కువ ఇంకుతుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో రవీందర్ రెడ్డి బృందం గుజ్జులోని సోడియాన్నే చూసే దారి పట్టింది. ఆ పేరు చదివినప్పుడు మా తరగతిలో అందరూ ఒక్కసారి తల ఎత్తారు.

ఇంత బాగా కనిపించాక ఒక వింత బయటపడింది. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్ళో, ఎక్స్‌రేలో మోకాలి అరుగుదల ఏమీ లేని, 50 ఏళ్ళు దాటిన 710 మందికి ఎం.ఆర్.ఐ. తీశారు. 2012లో ఫలితం వచ్చింది. 89 శాతం మందిలో ఏదో ఒక లోపం కనిపించింది. గుజ్జు దెబ్బతిన్నవాళ్ళే 69 శాతం. నొప్పి ఉన్నవాళ్ళలోనూ లేనివాళ్ళలోనూ ఈ లోపాలు దాదాపు ఒకే మాదిరిగా ఉన్నాయి! గుజ్జులో నరాలు లేవని ముందే అనుకున్నాం. నొప్పి ఎముక నుంచో, కీలు చుట్టూ ఉన్న పొర నుంచో రావాలి.

ఈ లెక్క మా ఇంటికి పనికొచ్చింది. అవ్వ రాగి చేలో కలుపు తీసి తీసి ఇప్పుడు మెట్లు ఎక్కలేకుండా ఉంది. ఎక్స్‌రే చాలదు, రెండు మేకలు అమ్మైనా సరే ఎం.ఆర్.ఐ. తీయిద్దామన్నాడు మా చిన్నాయన. అవ్వ ఒకటే అడిగింది: "ఆ మిషను నొప్పి తీస్తాదా, నొప్పిని ఫోటో తీస్తాదా?" డాక్టరమ్మ నవ్వి, ఫోటోనే తీస్తుంది అని చెప్పింది. ఉన్నట్టుండి మోకాలు బిగుసుకుపోయినా, దెబ్బ తగిలినా, వేరే జబ్బు అనుమానం ఉన్నా తీయించాలి. వయసుతో వచ్చే అరుగుదలకు ఎం.ఆర్.ఐ. వల్ల వైద్యం మారదు అంది. బ్రిటన్‌లో డాక్టర్లకిచ్చిన సూచనల్లో కూడా ఇదే ఉంది. తొడ కండలకు వ్యాయామం, నడక, బరువు తగ్గించుకోవడం చెప్పింది. మేకలు ఇంకా మా కొట్టంలోనే ఉన్నాయి. అవ్వ రోజూ మంచం పట్టె మీద కూర్చొని కాలు చాపి ఇరవై దాకా లెక్కపెడుతుంది, మధ్యలో లెక్క తప్పితే నన్ను తిడుతుంది.

మరి ఇన్ని బొమ్మలు ఎందుకంటే, మందు పనిచేస్తుందో లేదో కొలవడానికి. 2019లో స్ప్రిఫెర్మిన్ అనే మందు పరీక్ష ఫలితం అచ్చయింది. 549 మంది రోగులు పాల్గొన్నారు. ఎక్కువ మోతాదు ఇంజెక్షన్ ఆరు నెలలకోసారి తీసుకున్నవాళ్ళకు రెండేళ్ళలో గుజ్జు సగటున 0.05 మిల్లీమీటర్లు పెరిగింది. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ళకు 0.02 తగ్గింది. చెడిపోతే బాగుపడదని హంటర్ రాసిన పొర కాస్తయినా మందం కావడం ఎం.ఆర్.ఐ. బొమ్మల మీద కొలిచి చూశారు. ఎక్స్‌రే సందుతో ఇంత చిన్న తేడా పట్టుకోవడం చాలా కష్టం. అయితే నొప్పి విషయంలో రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. గుజ్జు పెరిగినా నొప్పి ఎందుకు తగ్గలేదన్నది ఇప్పుడు పరిశోధకుల ముందున్న ప్రశ్న.