నగర శివారు కాలనీల స్థానిక వార్తలు: సాంఘిక చరిత్ర ఆకరాలుగా ఒక పరిశీలన (హైదరాబాదు నేపథ్యం)

వ్యాససంగ్రహం

గ్రామచరిత్రలకు కైఫీయతులు, శాసనాలు, దండకవిలెలు ఆకరాలుగా ఉన్నాయి. రాజధాని నగర చరిత్రకు ఫర్మానాలు, ప్రభుత్వ నివేదికలు, కట్టడాలు ఉన్నాయి. ఈ రెండింటి నడుమ పెరిగిన శివారు కాలనీకి అటువంటి వ్రాతపూర్వక చరిత్ర తక్కువ. దినపత్రికల జిల్లా అనుబంధాల్లో వెలువడిన చిన్న వార్తలు, కాలనీ సంక్షేమ సంఘాల తీర్మానాల పుస్తకాలు ఆ లోటును కొంతవరకు తీర్చగలవని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. హైదరాబాదు శివార్లను నేపథ్యంగా తీసుకొని, ఈ ఆకరాల స్వభావాన్ని, భాషను, పరిమితులను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: శివారు, కాలనీ, స్థానిక వార్త, జిల్లా అనుబంధం, సంక్షేమ సంఘం, బాలాపూర్, బతుకమ్మకుంట, సాంఘిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం

రాజుల వంశావళులే చరిత్ర కాదని, ప్రజల తిండి, బట్ట, ఆటపాటలు, నమ్మకాలు కూడా చరిత్రేనని తెలుగులో బలంగా నిరూపించిన గ్రంథం సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’. 1949లో వెలువడిన ఈ గ్రంథానికి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. కవులు కథాసందర్భంలో యథాలాపంగా ప్రస్తావించిన విషయాలను ఏరి, వాటినుంచి ఆయా కాలాల జనజీవనాన్ని పునర్నిర్మించడం సురవరం అనుసరించిన పద్ధతి. కవి చరిత్ర చెప్పాలని పూనుకోని చోటనే చరిత్రకారునికి ఎక్కువ సామగ్రి దొరికింది.

ఈ పద్ధతిని ఇరవయ్యో శతాబ్ది చివరి దశాబ్దాలకు అన్వయించాలంటే ప్రబంధాల స్థానంలో వేరొక ఆకరాన్ని వెదకాలి. మంచినీటి సరఫరా వేళలు, కాలనీ సంఘం ఎన్నిక, వినాయక మండపం ఏర్పాటు, నాలా పూడికతీత వంటి సంగతులు దినపత్రిక జిల్లా అనుబంధంలో నాలుగైదు వాక్యాల వార్తలుగా కనిపిస్తాయి. వాటిని రాసిన విలేకరికి చరిత్ర రాస్తున్నానన్న స్పృహ ఉండనక్కరలేదు. ఆ స్పృహ లేకపోవడమే వాటికి ఆకరవిలువను కలిగిస్తుంది.

2. ‘శివారు’ పరిణామం

నగరపు అంచు అనే భావన హైదరాబాదుకు కొత్తది కాదు. నిజాం పాలనలో నగరాన్ని చుట్టుకొని ఉన్న సర్ఫెఖాస్ భూముల జిల్లాకు ‘అత్రాఫ్-ఎ-బల్దా’ అని పేరు. నగర పరిసరాలు అని దాని అర్థం. 1949లో సర్ఫెఖాస్ భూములు ప్రభుత్వ భూములలో విలీనమయ్యాయి. ‘బల్దా’తో సంబంధమున్న ‘బల్దియా’ అనే మాట మాత్రం నేటికీ నగరపాలక సంస్థకు పర్యాయపదంగా తెలుగు పత్రికల శీర్షికల్లో నిలిచి ఉంది. రద్దయిన పాలనావ్యవస్థ జాడను వార్తాభాష భద్రపరచిందనడానికి ఇదొక నిదర్శనం.

1978 ఆగస్టు 15న హైదరాబాదు జిల్లా గ్రామీణ ప్రాంతాలతో ప్రత్యేక జిల్లా ఏర్పడింది. తరువాత దానికి రంగారెడ్డి జిల్లా అన్న పేరు స్థిరపడింది. 2016 అక్టోబరులో అందులోంచి మేడ్చల్-మల్కాజిగిరి, వికారాబాదు జిల్లాలు వేరుపడ్డాయి. ఈలోగా 2007 ఏప్రిల్‌లో ఎల్.బి.నగర్, ఉప్పల్ కలాన్, మల్కాజిగిరి, కాప్రా, అల్వాల్, కుత్బుల్లాపూర్, కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి తదితర 12 పురపాలక సంఘాలను, 8 గ్రామపంచాయతీలను చేర్చి బృహత్ హైదరాబాదు నగరపాలక సంస్థను ఏర్పాటు చేశారు. ఒకే ఇంటి చిరునామా ఒక తరం కాలంలో పంచాయతీ, పురపాలక సంఘం, మహానగరం అనే మూడు దశలను దాటిన సందర్భాలు ఈ ప్రాంతంలో సామాన్యం.

శివార్ల విస్తరణకు ప్రభుత్వరంగ పరిశ్రమలు ప్రధాన కారణాలయ్యాయి. రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్., బాలానగర్‌లో ఐ.డి.పి.ఎల్., 1967లో నెలకొన్న ఇ.సి.ఐ.ఎల్. ఉద్యోగుల నివాసాలకు దారితీశాయి. ఇ.సి.ఐ.ఎల్. వ్యవస్థాపకులు అయ్యగారి సాంబశివరావు పేరిట వెలసినదే డాక్టర్ ఎ.ఎస్.రావునగర్. గృహనిర్మాణ మండలి కట్టిన కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ మరొక రకానికి చెందింది. పాత ఊళ్ళ పేర్ల చివర ‘పల్లి’, ‘గూడ’, ‘కుంట’ ఉండగా, కొత్త నివాసాల పేర్ల చివర ‘నగర్’, ‘పురి’, ‘కాలనీ’ చేరాయి. ఈ నామాంతరమే శివారు చరిత్రకు తొలి పాఠం.

3. కైఫీయతు నుంచి జిల్లా అనుబంధం దాకా

కాలిన్ మెకంజీ ప్రోద్బలంతో కావలి వెంకట బొర్రయ్య మొదలైనవారు సేకరించిన కైఫీయతులు ఊరి పుట్టుక, పొలిమేరలు, చెరువులు, దేవాలయాలు, మిరాశీ హక్కుల వివరాలను నమోదు చేశాయి. వాటికి కరణాల వద్దనున్న దండకవిలెలు ఆధారాలు. అనంతర కాలంలోనూ ఊరి లెక్కలు గ్రామాధికారుల చేతనే ఉండేవి. 1984లో గ్రామాధికారుల వ్యవస్థను రాష్ట్ర ప్రభుత్వం రద్దు చేసింది. వంశపారంపర్యాధికారానికి అది ముగింపు కావడం వాంఛనీయమే. అయితే ఊరి జ్ఞాపకాన్ని ఒకచోట ఉంచిన వ్యక్తి కూడా దానితోపాటే తెరమరుగయ్యాడు.

తెలుగు పత్రికల్లో స్థానిక వార్తకు దీర్ఘ చరిత్ర ఉంది. 1874లో కందుకూరి వీరేశలింగం స్థాపించిన ‘వివేకవర్ధని’ రాజమహేంద్రవరంలోని ఉద్యోగుల లంచగొండితనాన్ని బయటపెట్టింది. 1926లో ఆరంభమైన ‘గోలకొండ పత్రిక’ తెలంగాణలోని గ్రంథాలయ, సాంస్కృతికోద్యమాలకు గొంతునిచ్చింది. కాని వీటిలో ఊరికి, పేటకు దక్కిన చోటు పరిమితం. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలై, మరుసటి ఏడాది హైదరాబాదుకు విస్తరించిన ‘ఈనాడు’ 1989లో జిల్లా అనుబంధాలను ప్రవేశపెట్టింది. ఇతర పత్రికలు అదే బాట పట్టాయి. ప్రధాన పత్రికలో చోటు దొరకని సంగతులకు ప్రతిరోజూ ప్రత్యేకంగా పుటలు ఏర్పడ్డాయి.

ఈ మార్పు సామాజిక ఫలితాలను ఇచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటతో ముడిపడిన సారా వ్యతిరేకోద్యమం పల్లె నుంచి పల్లెకు పాకడంలో పత్రికల స్థానిక వార్తలు తోడ్పడ్డాయి. 1993 అక్టోబరు 1న ప్రభుత్వం సారాను నిషేధించింది. ఒక ఊరి వార్త పొరుగూరికి చేరడమే అక్కడ చరిత్రకు చోదకమయింది.

4. స్థానిక వార్తల వస్తువు, భాష

శివారు కాలనీల వార్తలను వస్తుదృష్ట్యా నాలుగు వర్గాలుగా విభజించవచ్చు. మొదటిది వసతులకు సంబంధించినది: మంచినీరు, వీధిదీపాలు, మురుగుకాలువలు, రహదారులు, బస్సు సౌకర్యం. రెండవది సంఘానికి సంబంధించినది: కార్యవర్గ ఎన్నిక, సర్వసభ్య సమావేశం, వినతిపత్ర సమర్పణ. మూడవది ఉత్సవ సంబంధి: బోనాలు, బతుకమ్మ, వినాయక నవరాత్రులు, ఆలయ వార్షికోత్సవాలు. నాలుగవది వివాద సంబంధి: పార్కు స్థలాల ఆక్రమణ, చెరువుల కబ్జా, లేఔటు అనుమతులు.

ఈ వార్తల పదజాలం మిశ్రమం. శంకుస్థాపన, భూమిపూజ, వినతిపత్రం, ఏకగ్రీవం అనే సంస్కృత పదాల పక్కనే నాలా, కబ్జా, బస్తీ, ధర్నా అనేవి ఒదిగిపోతాయి. లేఔటు, డ్రైనేజీ, సర్వే నంబరు వాటితో చేరతాయి. ‘బస్తీ’, ‘కాలనీ’ అనే రెండు మాటల వాడుకను ప్రత్యేకంగా గమనించాలి. రెండూ నివాసప్రాంతాలే అయినా ‘కాలనీవాసి’ అన్నప్పుడు స్థిరాస్తి గల మధ్యతరగతి, ‘బస్తీవాసి’ అన్నప్పుడు శ్రామికవర్గం స్ఫురిస్తాయి. ఒకే వార్డులోని ఈ విభజనను భాష బట్టబయలు చేస్తుంది.

రెండవ వర్గపు వార్తలకు న్యాయబద్ధమైన నేపథ్యం కూడా ఉంది. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడుగురు లేదా అంతకంటే ఎక్కువమంది కలిసి సంఘాన్ని నమోదు చేసుకోవచ్చు. అందువల్ల సంక్షేమ సంఘాలకు నియమావళి, కార్యవర్గం, లెక్కలు, తీర్మానాల పుస్తకం ఏర్పడ్డాయి. పత్రికలోని వార్తను ఈ తీర్మానాలతో సరిపోల్చినప్పుడు మాత్రమే పరిశోధకునికి పూర్తి చిత్రం దొరుకుతుంది. వార్త ఫలితాన్ని చెబుతుంది. తీర్మానాల పుస్తకం ఆ ఫలితానికి దారితీసిన చర్చను సూచిస్తుంది.

5. ఉత్సవం - భూమి: బాలాపూర్ లడ్డూ వేలం

స్థానిక సంఘటన విస్తృత పరిణామానికి అద్దం పట్టిన తీరుకు నగర దక్షిణ శివారులోని బాలాపూర్ చక్కని ఉదాహరణ. అక్కడ వినాయకుని చేతిలోని లడ్డూను నిమజ్జనం రోజున వేలం వేసే ఆచారం 1994లో మొదలయింది. ఆ ఏడాది పలికిన ధర 450 రూపాయలు. 2024లో అది 30 లక్షల 1 వేయి రూపాయలకు చేరింది. కరోనా కారణంగా 2020లో వేలం జరగలేదు.

ఈ అంకెలను భక్తి పెరుగుదలగా మాత్రమే చూడడం అసమగ్రం. లడ్డూ ప్రసాదాన్ని పొలంలో చల్లితే పంట బాగా పండుతుందన్న నమ్మకం ఈ వేలానికి ఆరంభం నుంచీ ఆలంబనగా ఉంది. ఆ నమ్మకం సేద్యం ప్రధానంగా ఉన్న ఊరిది. తరువాతి దశాబ్దాల్లో పొలాలు ప్లాట్లుగా మారాయి, భూమి విలువ పంటతో కాక చదరపుగజంతో లెక్కకు వచ్చింది. నమ్మకం మాట మారలేదు, దానికి ఆధారమైన భూమి స్వభావం మారింది. ఏటేటా వెలువడిన వేలం వార్తలను వరుసగా పేర్చితే శివారు ఆర్థిక చరిత్రకు ఒక సూచిక లభిస్తుంది.

6. చెరువులు, కుంటలు: వార్త ఒక సాక్ష్యం

స్థానిక వార్తల విలువ పాండిత్యానికే పరిమితం కాదు. 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాదు శివారు కాలనీలు అనేకం నీట మునిగాయి. చెరువు శిఖం భూముల్లో, వరదకాలువల దారుల్లో వెలసిన నివాసాలు ఎక్కువ నష్టపోయాయి. చెరువు ఎక్కడిదాకా ఉండేది, ఏ కాలువ ఎటు పారేది అన్న ప్రశ్నలు అప్పుడు ప్రాణావసరాలయ్యాయి.

అంబర్‌పేటలోని బతుకమ్మకుంట ఈ సందర్భంలో గమనార్హం. ఆక్రమణలతో, పూడికతో ఉనికి కోల్పోయిన ఆ కుంటను తవ్వి 2025లో పునరుద్ధరించారు. నీరు కనుమరుగైనప్పటికీ, అక్కడ బతుకమ్మలను నిమజ్జనం చేసేవారన్న సంగతిని పేరు గుర్తుచేస్తూనే వచ్చింది. స్థలనామం ఒక సాక్ష్యమైతే, ఏ ఏట ఏ కుంటలో బతుకమ్మలు వేశారో చెప్పే నాలుగు వాక్యాల పండుగ వార్త తేదీతో కూడిన సాక్ష్యం. రెవెన్యూ పత్రాల్లో వివాదం ఉన్నచోట ఇటువంటి అనుషంగిక ప్రస్తావనలు కూడా పరిశీలనకు రావాలి.

7. ఆకరాల పరిమితులు

ఈ ఆకరాలను యథాతథంగా స్వీకరించరాదు. స్థానిక వార్త తరచుగా ప్రజాప్రతినిధి పర్యటన చుట్టూ అల్లుకుంటుంది. శంకుస్థాపనకు దక్కిన చోటు పని పూర్తయిందా లేదా అన్నదానికి దక్కదు. సంఘ నాయకుల పేర్లు వరుసగా కనిపిస్తాయి గాని, అద్దెకున్నవారు, ఇళ్ళలో పనిచేసే స్త్రీలు, భవననిర్మాణ కూలీలు, పారిశుద్ధ్య కార్మికులు పేరు లేకుండానే మిగిలిపోతారు. కైఫీయతులో కరణం దృష్టి ఎంతగా ప్రతిఫలించిందో, కాలనీ వార్తలో ఇంటి యజమాని దృష్టి అంతగా ప్రతిఫలిస్తుంది. కనుక మౌఖిక చరిత్ర సేకరణ దీనికి అనివార్యమైన జత.

భద్రత రెండవ సమస్య. ప్రధాన పత్రికకు ఉన్న గౌరవం అనుబంధానికి ఉండదు. చదివిన మరునాడే అది పొట్లం కాగితమవుతుంది. సంఘం తీర్మానాల పుస్తకం కార్యదర్శి ఇంట ఉండి, కార్యవర్గం మారినప్పుడు చేతులు మారుతుంది. ఆ ఇల్లు అమ్ముడుపోయిన నాడు దాని గతి ప్రశ్నార్థకం.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

● శివారు కాలనీకి గ్రామచరిత్ర గాని, నగరచరిత్ర గాని పూర్తిగా చోటు కల్పించలేదు. ఆ ఖాళీని పూరించే దైనందిన ఆకరం జిల్లా అనుబంధంలోని స్థానిక వార్త.

● వార్తాభాషలోని మిశ్రమ పదజాలం ప్రాంత పాలనాచరిత్రను, వర్గభేదాలను ఏకకాలంలో నమోదు చేస్తుంది.

● బాలాపూర్ వేలం వంటి ఉత్సవ వార్తలు భూమి స్వభావంలో వచ్చిన మార్పును కాలక్రమంలో చూపుతాయి. చెరువులు, కుంటల ప్రస్తావనలు పర్యావరణ చరిత్రకు తేదీలతో కూడిన సాక్ష్యాలు.

● స్థానిక వార్తను సంఘాల తీర్మానాలతోను, మౌఖిక కథనాలతోను సరిపోల్చిన తరువాతే ప్రమాణంగా గ్రహించాలి.

శాఖా గ్రంథాలయాలు తమ పరిధిలోని కాలనీల వార్తలను వార్డుల వారీగా సేకరించడం, కళాశాలల తెలుగు, చరిత్ర శాఖలు విద్యార్థుల ప్రాజెక్టులుగా సంక్షేమ సంఘాల దస్త్రాలకు ప్రతులు తీయించడం తక్షణం చేపట్టదగిన పనులు. కాలనీలను తొలుత కట్టుకున్న తరం ఇప్పుడు వార్ధక్యంలో ఉంది. కుంట ఎక్కడ ఉండేదో వేలుపెట్టి చూపగలవారు ఉండగానే ఈ సేకరణ జరగాలి.