ఎలుకల చిట్టా, కుక్కల పేపర్లు

రక్తసంబంధం ఉన్న జంతువులనే తరతరాలుగా జతకట్టిస్తూ పోతే పుట్టుకతో వచ్చే జబ్బులు ఎలా బయటపడతాయో చూపే చరిత్ర ఒకటి హైదరాబాద్‌లోనే ఉంది. అది కుక్కలది కాదు, ఎలుకలది. లాలాపేట్ నుంచి తార్నాక కూడలి దాటి ఉస్మానియా విశ్వవిద్యాలయం వైపు వెళితే వచ్చే జాతీయ పోషకాహార సంస్థలో ఆ ఎలుకల వంశం పెరిగింది. మేలుజాతి కుక్కలు రోగాలతో ఎందుకు పుడుతున్నాయో అర్థం కావాలంటే ముందు వీటి సంగతి తెలియాలి.

సంస్థ పుట్టింది తార్నాకలో కాదు. 1918లో రాబర్ట్ మెకారిసన్ నీలగిరుల్లోని కూనూరులో, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లోని ఒక్క గదిలో బెరిబెరి మీద పరిశోధన మొదలుపెట్టాడు. 1920 ప్రాంతంలో బ్రిటన్ నుంచి విస్టార్ జాతి తెల్ల ఎలుకలు అక్కడికి వచ్చాయి. ఒక గుంపుకు పంజాబీల గోధుమ రొట్టె, పాలు, వెన్న, కూరగాయలు, మరో గుంపుకు మద్రాసు ప్రాంతపు వరి అన్నం తిండి పెట్టి చూస్తే మొదటివి పుష్టిగా, రెండోవి బక్కగా పెరిగాయి. ఆ తేడా తిండి వల్లనేనని గట్టిగా చెప్పాలంటే ఎలుకలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుండాలి. అందుకే ప్రయోగశాలల్లో అన్నాచెల్లెళ్లనే జతకట్టిస్తారు. అలా వరసగా 20 తరాలు సాగితే దాన్ని శుద్ధ వంశంగా లెక్కిస్తారు. 1958లో సంస్థ హైదరాబాద్‌కు మారింది, 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది. ప్రయోగాలకు కావలసిన జంతువులను దేశంలోని ఇతర పరిశోధన సంస్థలకు అందించే కేంద్రం ఇక్కడే 1976లో ఏర్పడింది.

కూనూరులో మొదలైన ఈ ఎలుకల వంశంలోనే 1990ల నడుమ వింత పిల్లలు కనిపించాయి. తోటివాటికి పెట్టిన మేతే తింటూ, పాలు మానిన కొద్ది వారాలకే విపరీతంగా లావెక్కసాగాయి. ఎన్.వి. గిరిధరన్ బృందం 1996లో వీటిని కొత్త స్థూలకాయ వంశంగా ప్రకటించింది. కూనూరులో తేడా తిండిలో ఉంటే, తార్నాకలో అది పుట్టుకలోనే ఉంది. జన్యువులో దానంతటదే వచ్చిన మార్పు తల్లి నుంచీ తండ్రి నుంచీ కలిసి వస్తే పిల్ల బాగా లావవుతుంది, ఒక్కరి నుంచే వస్తే మధ్యస్థంగా ఉంటుంది. లావు ఎలుకలకు సంతానం కలగదు, ఆయుష్షూ తక్కువే. కొన్నిటికి కంట్లో శుక్లాలు వస్తాయి, రెటీనా చెడుతుంది. వంశం నిలవాలంటే మధ్యస్థంగా ఉన్న జంటలనే కలపాలి. అప్పుడు సగటున నాలుగు పిల్లల్లో ఒకటి లావుది, ఒకటి మామూలుది, రెండు మధ్యరకం. ఏ ఎలుక ఏ జంటకు పుట్టిందో చిట్టాలో రాసి ఉండబట్టే ఈ లెక్క తేలింది. మనుషుల స్థూలకాయాన్ని, మధుమేహాన్ని అర్థం చేసుకోవడానికి ఆ ఎలుకలు పనికొచ్చాయి.

కుక్కల్లోనూ ఇదే జరిగింది, కానీ ఎవరూ కోరి చేసింది కాదు, జబ్బుల లెక్క రాసుకున్నదీ కాదు. 1873లో లండన్‌లో కెనెల్ క్లబ్ ఏర్పడ్డాక ఒక్కో జాతికి వంశావళి పుస్తకం తెరిచారు. రానురాను నమోదైన తల్లిదండ్రులకు పుట్టిన పిల్లకే అందులో చోటు దక్కింది. ప్రదర్శనలో గెలిచిన మగకుక్కను అందరూ కోరుకోవడంతో ఒక్క తండ్రి రక్తం జాతి అంతటా పాకింది. బుల్‌డాగ్‌కు తల పెద్దది, కటి ఇరుకు, అందుకే ఎక్కువ కాన్పులకు ఆపరేషన్ తప్పదు. పగ్ ముక్కు నొక్కుకుపోయి గాలి పీల్చుకోవడమే కష్టం. హైదరాబాద్ ఎండల్లో ఆ బాధ మరీ ఎక్కువ. 2003లో ఒక మొబైల్ కంపెనీ ప్రకటనలో కనిపించాక దేశంలో పగ్‌కు ఎక్కడలేని గిరాకీ వచ్చింది.

కంటికి కనిపించే ఈ లోపాల కన్నా దాగి ఉన్నవి ఎక్కువ కీడు చేశాయి. తార్నాక ఎలుకల్లో లోపాన్ని మోసేదాన్ని ఒంటి తీరు చూసి పోల్చవచ్చు. లాబ్రడార్‌లో వంశపారంపర్యంగా వచ్చే ఒక రెటీనా జబ్బు విషయంలో ఆ వీలు లేదు. లోపాన్ని మోసే తల్లీ తండ్రీ చక్కగా చూస్తుంటాయి. జబ్బు ఉన్న కుక్కకు కూడా నడివయసు దాకా చూపు పోకపోవచ్చు, అప్పటికే అది పిల్లల్ని కని ఉంటుంది. జర్మన్ షెపర్డ్ తుంటి కీలు వదులుగా ఉంటే పిల్ల వయసులో నడక చూసి చెప్పలేరు. అందుకే అమెరికాలో 1966 నుంచి తుంటి ఎక్స్‌రేలను నమోదు చేస్తున్నారు. డాల్మేషియన్ జాతి మొత్తానికీ ఒక జన్యులోపం పాకి, మూత్రంలో యూరిక్ ఆమ్లం పెరిగి రాళ్లు కట్టేవి. రాబర్ట్ షైబుల్ అనే జన్యుశాస్త్రవేత్త 1973లో డాల్మేషియన్‌ను ఒక్కసారి పాయింటర్‌తో కలిపి, పుట్టిన పిల్లలను మళ్లీ డాల్మేషియన్లతోనే జతకట్టిస్తూ లోపం లేని వరసను నిలబెట్టాడు. రక్తం కలుషితమైందని జాతి ప్రేమికులు దశాబ్దాలపాటు ఒప్పుకోలేదు. అమెరికా కెనెల్ క్లబ్ వాటిని 2011లో గానీ పూర్తిగా చేర్చుకోలేదు. బాధపడే జంతువు కన్నా పుస్తకంలోని గీతకు విలువిచ్చిన ఆ పట్టుదల సమర్థించదగ్గది కాదు.

మన దేశంలో కుక్కల పెంపకం, అమ్మకంపై కేంద్రం 2017లో నిబంధనలు తెచ్చింది. పిల్లల్ని పుట్టించి అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి, రికార్డులు ఉంచాలి. 18 నెలలు నిండని ఆడకుక్కను జతకట్టించకూడదు. అయినా కొనేవాళ్లు ముందు అడిగేది ‘పేపర్లున్నాయా’ అనే. పేపర్లు తాతముత్తాతల పేర్లు చెబుతాయి, వాటి ఆరోగ్యం చెప్పవు. కుక్కపిల్లను తెచ్చుకోదలచినవారు దాని తల్లిని స్వయంగా చూడాలి, తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రే, కంటి పరీక్షల చిట్టా అడగాలి. ఒకే పేరు తల్లి వైపూ తండ్రి వైపూ కనిపిస్తే ఆ పిల్లను కొనకండి.