అరుంధతి కోట, నూటొక్క కుర్చీల బల్ల

మా నంద్యాల ప్రాంతంలో బనగానపల్లె నవాబు బంగ్లా ఒకటి ఉంది. ఈ సంస్థానం 1948లో మద్రాసు రాష్ట్రంలో కలిసిపోయింది. 2009లో వచ్చిన ‘అరుంధతి’ సినిమా ఆ బంగ్లాలో తీశారు. అప్పటినుంచి జనం నోట్లో నవాబు పేరు పోయి ‘అరుంధతి కోట’ మిగిలింది. బస్సులు దిగి ఫొటోలు తీసుకునేవాళ్లకు అరుంధతి అంటే సినిమా జేజమ్మ. మాదిగవాడల్లో ఆ పేరుకు వేరే చరిత్ర ఉంది. జాంబపురాణంలో అరుంధతి మాదిగింటి ఆడబిడ్డ. ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు కులాల జాబితాలో ‘అరుంధతీయ’ అని ఒక పేరే ఉంది. గోడ నవాబుది, పేరు మాది, ఫొటో ఇంకెవరిదో!

ఇట్లాంటి పాత మహలు కనబడితే చాలు, హోటలు పెడితే బాగుంటది, రాత్రిపూట కచేరీ పెడితే బాగుంటది అంటారు. హైదరాబాదు ఫలక్‌నుమాకు జరిగిందదే. పైగా నవాబు వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేసి కట్టించిన ఈ మహలు తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి పోయింది. చాలా ఏళ్లు తాళం పడి ఉండి, 2010లో తాజ్ వాళ్ల హోటలుగా తెరుచుకుంది. నూటొక్క మంది కూచునే బల్ల దాని ప్రత్యేకత. 2017 నవంబరులో ప్రధానమంత్రి మోదీ ఇవాంకా ట్రంపుకు విందు ఇచ్చింది అక్కడే. సాయంత్రాలు ఖవ్వాలీ వినిపిస్తారు. ఒకప్పుడు దొరల అతిథులకే ఉన్న భోజనం ఇప్పుడు డబ్బున్న ఎవరికైనా దొరుకుతుంది. ఇది ప్రజాస్వామ్యమేనని అనేవాళ్లున్నారు. మేము ఒప్పుకోం. కుర్చీలో కూచునేవాడు మారినాడు గాని, ఆ బల్ల మీదికి ఏ వంట రావాలి, ఆ మెట్ల మీద ఏ పాట పాడాలి అనేది మారలేదు.

వంట సంగతే చూద్దాం. ఊళ్లో అగ్రకులాల వంటింటి గడప తొక్కనివ్వని చేతులే సికింద్రాబాదులో తెల్లదొరల ఇళ్లల్లో బట్లర్లుగా, వంటవాళ్లుగా పనిచేసినాయి. చిన్నప్పుడు ఒక క్రైస్తవ వకీలు ఇంట్లో పనికి కుదిరిన మాదరి భాగయ్యే తర్వాత భాగ్యరెడ్డి వర్మ అయినాడు. ఆయన 1906లో జగన్మిత్ర మండలి పెట్టి హరికథలు చెప్పించింది ఏ మహల్లోనూ కాదు, వాడల్లో. ఆ కాలానికే, ఆ నగరానికే చెందిన ఈ రంగస్థలం గురించి మహలు చూపించే గైడు చెప్తాడా?

ఫలక్‌నుమా హోటలు తెరిచిన రెండేళ్లకు, 2012 ఏప్రిల్‌లో, ఉస్మానియాలో దళిత విద్యార్థులు పెద్దకూర పండగ చేసినారు. వాళ్లు అడిగింది పెద్ద కోరికేం కాదు, మేము ఇంట్లో తినేది విశ్వవిద్యాలయంలో కూడా తింటాం అన్నారు. ఘర్షణ జరిగింది, పోలీసులొచ్చినారు. ఒకే నగరంలో నవాబు విందేమో వారసత్వం, మా కూరేమో శాంతిభద్రతల సమస్య! రాగిసంగటి ఈమధ్య స్టార్ హోటళ్లలోకి పోయింది, నిజమే. ఎండు తునకల కూర పోలేదు.

పాట సంగతి ఇంకా ఘోరం. జాంబపురాణాన్ని ఇన్ని తరాలు మోసుకొచ్చింది చిందోళ్లు, డక్కలోళ్లు. చిందోళ్లు ఆడి చూపించినారు, డక్కలోళ్లు కిన్నెర మీటి చెప్పినారు. మాదిగల దగ్గర తప్ప ఇంకెక్కడా అడుక్కోగూడదని కట్టడి ఉన్న కులం డక్కలిది, అంటరానివాళ్లకే అంటరానిది. మేమంతా మాట్లాడుకోవాల్సిన మాట ఇది, మహళ్లను తిట్టినంత తేలిగ్గాదు. బనగానపల్లె బంగ్లాలో రేపు కచేరీ పెడతామంటే, అరుంధతి కథ మొదట చెప్పాల్సింది వీళ్లే. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే డక్కలి కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చినారు. 2024లో ఆయన హైదరాబాదు దగ్గర ఇండ్లు కట్టేకాడ కూలిపని చేస్తున్నాడని పత్రికల్లో వచ్చింది.