దుర్గాబాయి చదువు



మొన్న వేసవిలో ఆవకాయ కాయలకని మైలవరంలో మా చెల్లెలి ఇంటికి వెళ్లాను. నూజివీడు మామిడితోటల మధ్య ఊరు కదా, చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి అన్నీ గుమ్మంలోకే వస్తాయి. ముక్కలు కొట్టాక జీడి తీసి తుడుస్తూ మా చెల్లెలి కోడలు ఒక ప్రశ్న వేసింది. "పెద్దత్తయ్యా, సర్కారు మీద తిరగబడి జైలుకెళ్లినవాళ్లు మళ్లీ ఆ సర్కారులోనే కుర్చీ వేసుకుంటే, ఇంక వాళ్ల మాట ఏం నిలుస్తుంది?" బుట్టలో ఉన్న కలెక్టరు కాయను చూసి అడిగిందో, పేపరు చదివి అడిగిందో తెలియదు గానీ, నాకు వెంటనే దుర్గాబాయమ్మ గుర్తొచ్చారు. ఆవిడ సంగతే మీకూ చెబుతాను.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదో ఏట పెళ్లి చేశారు. పదిహేనేళ్లు వచ్చి మనసు తెలిశాక ఆ కాపురానికి వెళ్లనని చెప్పేశారు. ఆ రోజుల్లో ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో మీరే ఊహించుకోండి. బళ్లో ఇంగ్లీషు చదువు వద్దని చిన్నతనంలోనే మానేసి, ఇంటిదగ్గర హిందీ నేర్చుకుని, రాజమండ్రిలో ఆడపిల్లలకు హిందీ పాఠశాల పెట్టారు.

1921లో గాంధీగారు కాకినాడ వచ్చారు. దేవదాసీలు, బురఖాలు వేసుకునే ముస్లిం స్త్రీలు ఆయన మాటలు వినాలని పన్నెండేళ్ల దుర్గ పట్టు. అయిదువేల రూపాయలు పోగుచేస్తే పది నిమిషాలు ఇప్పిస్తామన్నారు పెద్దలు. పిల్ల బెదిరిపోతుందనుకున్నారు కాబోలు! ఆ దేవదాసీలే డబ్బు సమకూర్చారు. రైలుస్టేషను నుంచి టౌనుహాలుకు వెళ్లే దారిలో ఒక బడి ఆవరణలో సభ జరిగింది. వచ్చినవాళ్లు గాజులూ గొలుసులూ తీసి ఇచ్చారు. గాంధీగారి హిందీని ఆ పిల్లే తెలుగులో చెప్పింది. తరువాత టౌనుహాలు సభలో కొండా వెంకటప్పయ్యగారు అనువదించబోతుంటే గాంధీగారు ఆపి, దుర్గ చేతనే చెప్పించారు.

1923 కాకినాడ కాంగ్రెసు ప్రదర్శనలో టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూగారినే గుమ్మంలో ఆపేసిన సంగతి మీరు వినే ఉంటారు. టిక్కెట్టు తెచ్చాకే లోపలికి పంపింది. ఈ కథ అందరూ చెబుతారు, నిజమే, ముచ్చటగానూ ఉంటుంది. కానీ ఆవిడ జీవితంలో నాకు పెద్దదిగా తోచేది ఇది కాదు, వేలూరు జైలు.

1930 నుంచి 1933 మధ్య ఉప్పు సత్యాగ్రహంలోనూ ఆ తరువాతా మూడుసార్లు జైలుకు వెళ్లారు. మదురలో ఏకాంతవాసం కూడా అనుభవించారు. వేలూరులో మామూలు నేరాలకు శిక్షపడ్డ ఆడవాళ్లను దగ్గరగా చూశారు. చదువురాక, కోర్టులో తమ మీద ఏం రాశారో తెలియక, తెలియనిదానికి ఒప్పుకుని వచ్చినవాళ్లు ఉన్నారక్కడ. వీళ్లకు సాయం చెయ్యాలంటే తను లా చదవాలని ఆవిడకు అక్కడే తోచింది. తీరా చూస్తే తనకే మెట్రిక్ లేదు!

విడుదలయ్యాక మొదట కాశీ విశ్వవిద్యాలయం మెట్రిక్‌కు ప్రైవేటుగా చదివారు. ఆ తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఏ. చదవబోతే అక్కడ ఆడపిల్లలకు హాస్టలు లేదు. హాస్టలు లేదు గనక చేర్చుకోమంటే ఈవిడ వెనక్కి తగ్గలేదు. నాతో కలిసి ఉండి చదివే అమ్మాయిలు రావచ్చునని పత్రికలో ప్రకటన వేసి, తామే హాస్టలు నడుపుకున్నారు. మద్రాసులో లా పూర్తిచేసేసరికి 1942 వచ్చింది, ఆవిడకు ముప్పై మూడేళ్లు. ఈలోగా 1937లో మద్రాసు మైలాపూరులో ఆంధ్రమహిళాసభకు అంకురం వేశారు. అది మొదలైందీ ఏదో మహాసంకల్పంతో కాదు, చదువు ఆగిపోయిన ఆడవాళ్లను ఆ కాశీ మెట్రిక్ పరీక్షకే కూచోబెట్టడానికి. తను ఎక్కిన మెట్టుమీదికే ఇంకొకరిని ఎక్కించడం అన్నమాట.

1946లో రాజ్యాంగ సభకు వెళ్లారు. ఆ సభను నడిపే అధ్యక్షవర్గంలో ఉన్న ఒకే ఒక స్త్రీ ఆవిడ. రాజ్యసభకు నిలబడడానికి ముప్పైఅయిదేళ్లు ఉండాలని ముసాయిదాలో రాస్తే, ముప్పై చాలని సవరణ పెట్టి గెలిపించుకున్నారు.

1952 ఎన్నికల్లో ఓడిపోయారు. ఆ తరువాత నెహ్రూగారు ఆవిడను ప్రణాళికా సంఘంలో సభ్యురాలిగా వేశారు, సాంఘిక సంక్షేమం ఆవిడ వంతు. ఆర్థికమంత్రి చింతామణ్ దేశ్‌ముఖ్‌గారితో వివాహం 1953 జనవరిలో. అదే ఏడాది ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది, ఈవిడే మొదటి అధ్యక్షురాలు.

ఇక్కడే మా కోడలి ప్రశ్నకు జవాబుంది. మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థలకని నాలుగుకోట్లు కేటాయించారు. ఆ డబ్బుతో సర్కారే ఆఫీసులు తెరిచి గుమాస్తాలను పెట్టవచ్చు. ఈవిడ అలా కానివ్వలేదు. అప్పటికే పనిచేస్తున్న మహిళా సంఘాలకు, అనాథశరణాలయాలకు, బాలవాడీలకు గ్రాంటుగా ఇప్పించారు. రాష్ట్రాల బోర్డులకు కూడా ఉద్యోగులు కాని స్త్రీలే అధ్యక్షులు. డబ్బు సర్కారుది, పెత్తనం పనిచేసేవాళ్లది. ఇందులో చిక్కు లేకపోలేదు సుమండీ. గ్రాంటు కోసమే పుట్టి, అది ఆగగానే తలుపులు మూసుకున్న మండలులు లేకపోలేదు. సర్కారు సొమ్ముకు అలవాటుపడ్డ సంఘం సర్కారును గట్టిగా అడగలేదనే మాటలోనూ నిజం ఉంది.

పల్లెల్లో బాలవాడీలు, పురుళ్లు, కుట్టుపనులు నడపడానికి గ్రామసేవికలు కావాలి. బస్తీ చదువుల అమ్మాయిలు పల్లెలో కాపురముండరు. పల్లె ఆడవాళ్లకు కావలసిన పరీక్ష లేదు. మరి ఎవరిని వెయ్యాలి? అయిదో క్లాసు, ఏడో క్లాసు దగ్గర ఆగిపోయిన వాళ్లను, భర్త పోయినవాళ్లను, వదిలేసిన వాళ్లను చేరదీసి, రెండేళ్లలో మెట్రిక్ కట్టించే చదువులు 1958లో బోర్డు మొదలుపెట్టింది. వాళ్లలోంచే టీచర్లు, నర్సులు, గ్రామసేవికలు వచ్చారు. జైలునుంచి వచ్చి పెద్దయ్యాక మెట్రిక్‌కు కూచున్న మనిషికి తప్ప ఇలాంటి పథకం తోచదని నా నమ్మకం. అదే ఏడాది స్త్రీవిద్య మీద వేసిన జాతీయ కమిటీకీ ఆవిడే అధ్యక్షత వహించారు.

కుటుంబ తగాదాలకు విడిగా కోర్టులు ఉండాలని 1953లో చైనా వెళ్లివచ్చినప్పటినుంచీ అంటూ వచ్చారు. ఆ చట్టం 1984లో వచ్చింది. చూడడానికి ఆవిడ లేరు, 1981 మే 9న పోయారు. 1975లో పద్మవిభూషణ్ అందుకున్నారు. హైదరాబాదు విద్యానగర్‌లో మహిళాసభ ఆసుపత్రి ఆవిడ పేరుమీదే ఉంది.

ఇదంతా విని మా కోడలు కాసేపు మాట్లాడలేదు. ఆ పిల్లకు ఏడో క్లాసు అయ్యాక పెళ్లిచేశారు, ఇప్పుడు ముప్పై రెండు. తడిబట్ట పక్కనపెట్టి, "ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టడానికి వయసు దాటిపోతుందా పెద్దత్తయ్యా?" అంది. పద్నాలుగు నిండితే చాలు, పైన ఎంతున్నా ఫరవాలేదన్నాను.

"లెక్కలు మాత్రం మీరే చెప్పాలి" అని, మిగిలిన ముక్కలు తుడవడం మొదలుపెట్టింది.