మన పంక్తి – 7: నెయ్యి వడ్డించిన నేరం



1936 ఏప్రిల్. జైపూర్ సంస్థానంలో చక్వారా అనే ఊరు. ఒక అంటరాని మనిషి తీర్థయాత్ర చేసి ఇంటికొచ్చాడు. ఆ సంతోషంలో తన వాళ్ళందరినీ పిలిచి విందు పెట్టాడు. నెయ్యి కూడా వడ్డించాడు. బంతి సాగుతుండగానే వందల మంది హిందువులు లాఠీలతో వచ్చిపడ్డారు. వంటకాలు పాడుచేశారు, తింటున్నవాళ్ళని తరిమి తరిమి కొట్టారు. అంబేద్కర్ 'కుల నిర్మూలన'లో ఈ సంగతి రాశాడు.

ఖర్చు అతనిది. తిన్నది అతని వాళ్ళే. పైకులం వాళ్ళ కంచాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అయినా ఎందుకంత కోపం? నెయ్యి తినడం తమ హోదా అని వాళ్ళు అనుకున్నారు. అది అంటరానివాడి విందులో కనబడటమే నేరమైంది. మనం గంజి తాగితే ఎవరికీ కోపం రాదు, జాలి కూడా పడతారు. మనం సంబరం చేసుకుంటేనే తట్టుకోలేరు. 2022 మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టింది దేనికి? జిల్లా పేరు ముందు అంబేద్కర్ పేరు చేర్చినందుకు. ఆ పేరూ వాళ్ళ కళ్ళకి మన విస్తట్లో నెయ్యిలాగే కనబడింది.

ఈ వారం ఇదంతా ఎందుకంటే, మా మేనకోడలు ఎంబీబీఎస్ పూర్తి చేసింది. హైదరాబాదులో ఖరీదైన ఇటాలియన్ రెస్టారెంటులో మాకు మధ్యాహ్నం భోజనం పెట్టింది. మలికిపురం నుంచి అక్క, బావ, నేను చించినాడ వంతెన దాటి నర్సాపురంలో రైలెక్కి వెళ్ళాం. పిజ్జా వచ్చింది, పాస్తా వచ్చింది. మా అక్క సంచిలోంచి ఆవకాయ సీసా తీయబోతే పిల్ల ఆపింది. బిల్లుని మా బావ రెండుసార్లు చదివాడు. (పిజ్జా ఒకప్పుడు నేపుల్స్ వీధుల్లో పేదోళ్ళు నిలబడి తిన్న తిండి. అది టేబులెక్కి దొరల తిండి అయిపోయింది. మన ఎండుచేపల పులుసుకి ఆ యోగం ఇంకా పట్టలేదు.)

నన్ను పట్టుకున్నది మాత్రం పళ్లెం. తెల్లటి పింగాణీ పళ్లెం. మాకంటే ముందు అందులో ఎవరు తిన్నారో, మా తర్వాత ఎవరు తింటారో అడిగేవాడు లేడు. మా బావ వాళ్ళ నాన్న టీ కొట్టు దగ్గర తన గ్లాసు చూరులోంచి తీసుకుని, బయట నిలబడి తాగి, తనే కడిగి మళ్ళీ చూరులో పెట్టొచ్చేవాడు. చూరు నుంచి ఈ టేబుల్ దాకా మధ్యలో ఉన్నది కాలం ఒక్కటే కాదు, చట్టం ఉంది. ఆ చట్టం వెనక మన వాళ్ళున్నారు.

1948 నవంబర్ 29. రాజ్యాంగ సభలో, ఇప్పుడు మనం 15వ అధికరణ అంటున్న దాని ముసాయిదా మీద చర్చ. దుకాణాలకి, రెస్టారెంట్లకి, హోటళ్ళకి ఎవరు వెళ్ళినా కులం పేరుతో ఆపకూడదన్నది అందులో ఒక అంశం. కర్నూలు ప్రాంతపు దళిత సభ్యుడు ఎస్. నాగప్ప లేచి, దుకాణం అంటే లాండ్రీలూ సెలూన్లూ కూడా వస్తాయా అని అడిగాడు. చూడండి, ఊళ్ళో బతికినవాడికే తట్టే ప్రశ్న అది. డబ్బు తీసుకుని పనిచేసిపెట్టడానికి సిద్ధంగా ఉన్న ఎవరికైనా ఆ మాట వర్తిస్తుందని అంబేద్కర్ చెప్పాడు. లోపలికి రానివ్వడంతో సరిపోదు, సేవ అందాలి అన్నదే ఆ జవాబు సారం. అంటరానితనాన్ని రద్దుచేసే అధికరణ ఆమోదం పొందిందీ ఆ రోజే.

తర్వాత 1955లో అంటరానితనం నేరాల చట్టం వచ్చింది. హోటల్లో, రెస్టారెంటులో అందరికోసం ఉంచిన పాత్రలు వాడుకోనివ్వకపోవడం నేరమని అందులో విడిగా రాశారు. అంటే చూరులో గ్లాసు గురించి ఈ దేశం పార్లమెంటులో చట్టం చేయాల్సి వచ్చింది! 1976లో దాన్ని సవరించి పౌరహక్కుల పరిరక్షణ చట్టం అని పేరు మార్చారు. 2006లో అచ్చయిన ఒక అధ్యయనం 11 రాష్ట్రాల్లో 565 ఊళ్ళు తిరిగి చూస్తే, దాదాపు మూడోవంతు ఊళ్ళల్లో టీ కొట్ల దగ్గర ఇంకా వేరు గ్లాసులే.

అమెరికాలో ఇలాంటిదే. 1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు ఒక పెద్ద షాపులో టూత్‌పేస్టు లాంటివి కొన్నారు, అమ్మారు. అదే షాపులో భోజనాల కౌంటర్ దగ్గర కూర్చుని కాఫీ అడిగితే ఇవ్వలేదు. సరుకు అమ్ముతారు, పక్కన కూర్చోనివ్వరు. వాళ్ళు లేవలేదు. నాలుగేళ్ళకి పౌరహక్కుల చట్టం వచ్చింది.

అయితే రెస్టారెంటులో దొరికినదాన్ని సమానత్వం అనుకోవద్దు. అక్కడి వెయిటర్‌కి మన కులం తెలియదు, తెలుసుకోవాల్సిన పనీ లేదు. అది డబ్బు కొన్న కుర్చీ. డబ్బు లేని నాడు ఆ కుర్చీ ఉండదు. పిలిచి పెట్టే భోజనం వేరు. 1917లో కేరళలో చెరాయి దగ్గర సహోదరన్ అయ్యప్పన్ పులయలతో కలిసి సహపంక్తి భోజనం పెడితే, సొంత ఈళవ కులమే అతన్ని వెలివేసి 'పులయన్ అయ్యప్పన్' అంది. ఆయన ఆ పేరుని బిరుదులా తీసుకున్నాడు. మన దగ్గర గోరా పున్నమి రాత్రుల్లో అన్ని కులాల వాళ్ళనీ కూర్చోబెట్టి భోజనాలు పెట్టించేవాడు.

అంబేద్కర్‌కి సహపంక్తి భోజనాల మీద పెద్ద భ్రమ లేదు. కలిసి తినడం వల్ల కులం చావలేదని 'కుల నిర్మూలన'లోనే తేల్చేశాడు. రక్తం కలవాలి, అంటే కులాంతర పెళ్ళిళ్ళు జరగాలి, ఆ పెళ్ళిళ్ళని అడ్డుకునే శాస్త్రాల మీద నమ్మకం పోవాలి అన్నాడు. సహపంక్తి పెట్టినవాళ్ళల్లో చాలామంది ఇంటికెళ్ళి స్నానం చేసినవాళ్ళే. గోరా మాత్రం అక్కడ ఆగలేదు. 1948లో తన కూతురు మనోరమని దళితుడైన అర్జునరావుకిచ్చి సేవాగ్రామ్‌లో పెళ్ళి చేశాడు. బంతి భోజనం నుంచి పెళ్ళిపీట దాకా నడిచినవాళ్ళు ఎందరున్నారో మీరే వేళ్ళ మీద లెక్కపెట్టండి.

మా మలికిపురం వైపు ఇప్పుడు చూరులో గ్లాసులు లేవు. పేటలో పెళ్ళయితే ఊళ్ళో పెద్దలు వస్తారు. ఫోటో దిగుతారు, చదివింపుల కవరిస్తారు. భోజనానికి రండి అంటే "ఇప్పుడే తినొచ్చామండీ, షుగరండీ" అంటారు. కూల్‌డ్రింకు మాత్రం తీసుకుంటారు, మూత తీయని సీసా అయితేనే. మా మేనకోడలు డాక్టరయిందని ఈ నెలాఖరుకి పేటలో భోజనాలు పెడుతున్నాం. ఊళ్ళోకీ కార్డులు పంపాం. విస్తట్లో నెయ్యి కూడా ఉంటుంది.

వచ్చే ఆదివారం మన పక్క మామిడికుదురు మనిషి బోయి భీమన్న గురించి, ఆయన 'పాలేరు' నాటకం గురించి.