ఆనందవృక్షం నుంచి ఔషధం దాకా

మూలికలతో క్యాన్సర్ నయమవుతుందా అని ఇప్పటికీ తరచూ నన్ను అడుగుతుంటారు. దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పడం కష్టం. ఒక చైనా చెట్టు చరిత్ర తెలుసుకుంటే జవాబు దానంతట అదే బోధపడుతుంది.

దక్షిణ చైనాలో పెరిగే ఆ చెట్టును ‘షీషు’ అంటారు; ఆనందవృక్షమని అర్థం. శాస్త్రనామం కాంప్టోథెకా అక్యుమినాటా. అక్కడి సంప్రదాయ వైద్యంలో దానిని చర్మరోగాలకూ ఉదరవ్యాధులకూ వాడేవారు. దానిలోని క్యాన్సర్ నిరోధక శక్తి మాత్రం యాదృచ్ఛికంగా బయటపడింది. 1950లలో అమెరికా వ్యవసాయ శాఖ కార్టిజోన్ తయారీకి పనికివచ్చే మొక్కల కోసం వేలాది నమూనాలను పరిశీలించింది. వాటి సారాలను క్యాన్సర్‌పై కూడా పరీక్షించగా, ఈ చెట్టు సారం చిట్టెలుకల్లో కణుతులను అణచివేసింది.

ఆ సారంలోని క్రియాశీల పదార్థాన్ని వేరుచేసి, దాని నిర్మాణాన్ని 1966లో ప్రకటించినవారు మన్రో వాల్, మన్సుఖ్ వాణి ప్రభృతులు. వాణి మహారాష్ట్రలోని నందుర్బార్‌లో జన్మించిన భారతీయుడు. ఆ పదార్థమే కాంప్టోథెసిన్.

ఆశలు చిగురించాయి, కాని అంతలోనే వాడిపోయాయి. అది నీటిలో కరగదు. కరిగేలా సోడియం లవణంగా మార్చి రోగులకిస్తే, దాని అణువులోని కీలకమైన వలయం తెరుచుకొని శక్తి సన్నగిల్లింది. మూత్రాశయంలోని ఆమ్ల వాతావరణంలో ఆ వలయం మళ్ళీ మూసుకోవడంతో మందు అక్కడ విషమై రక్తస్రావం కలిగించింది. 1970ల ఆరంభంలోనే పరీక్షలు ఆగిపోయాయి.

1985లో దాని రహస్యం తెలిసింది. కణం విభజన చెందేటప్పుడు డీఎన్ఏలో పడే మెలికలను విప్పడానికి టోపోఐసోమరేజ్-1 అనే ఎంజైమ్ ఒక పోగును తెంచి, మళ్ళీ అతుకుతుంది. కాంప్టోథెసిన్ ఆ అతుకు పడకుండా అడ్డుతగులుతుంది. దాంతో కణం నశిస్తుంది. ఈ జ్ఞానంతో రసాయనవేత్తలు అణువును సవరించి, నీటిలో కరిగే రెండు మందులు తయారుచేశారు. ఇరినోటెకాన్‌కు 1994లో జపాన్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో సహా కొన్ని క్యాన్సర్లకు అనుమతి లభించింది. మొదటి చికిత్స తర్వాత తిరగబెట్టిన స్మాల్ సెల్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు టోపోటెకాన్‌ను అమెరికా 1998లో ఆమోదించింది. అవి వ్యాధిని సమూలంగా నిర్మూలించే మందులు కావు. కొందరికి ఆయుర్దాయాన్నీ ఉపశమనాన్నీ ఇస్తాయి. తెల్లకణాలు తగ్గడం, తీవ్రమైన విరేచనాలు వంటి ప్రమాదాలూ వాటితో ఉన్నాయి. అందుకే మోతాదును లెక్కగట్టి, రక్తపరీక్షలు చేస్తూ ఇస్తారు.

చెట్టు నుంచి ఊపిరితిత్తుల మందు దాకా ఇన్ని దశాబ్దాలు పట్టింది. ప్రకృతి ఇచ్చింది మూలధాతువు మాత్రమే. దానిని ఔషధంగా మలచింది పరీక్ష. నా ఉద్యోగకాలంలో కషాయాలతో నెలలు గడిపి, కణితి ముదిరాక వచ్చిన రోగులను చూశాను. వారిని నిందించను, భయం మనిషిచేత ఏదైనా చేయిస్తుంది. ఒక్కటే మనవి: మీరు ఏ మూలిక వాడుతున్నా వైద్యునికి దాచకుండా చెప్పండి. సెయింట్ జాన్స్ వర్ట్ అనే ఐరోపా మూలిక ఇరినోటెకాన్ ప్రభావాన్ని తగ్గిస్తుందని రుజువైంది. మేలు చేస్తుందనుకున్న ఆకే మందుకు అడ్డుపడవచ్చు.